రాత్రి ఎనిమిదిన్నర వంట: ఉప్మాలో లేనిదేంటి, పులగంలో ఉన్నదేంటి

ఉప్మా చేయడానికి పట్టేది పావుగంట. ఆర్డర్ పెట్టిన ఫ్రైడ్ రైస్ ట్రాఫిక్ దాటుకుని గుమ్మం దాకా రావడానికి ముప్పావుగంట. అయినా వారంలో రెండు మూడు రాత్రులు చాలా ఇళ్లలో ఫోనే గెలుస్తోంది. దీనికి బద్ధకం అని పేరు పెట్టేయడం తేలిక, కానీ అన్యాయం. ఎనిమిదింటికి ఇల్లు చేరిన మనిషిని అలసటకి గురిచేసేవి వేరే ఉన్నాయి. ఏం వండాలో తేల్చుకోవాలి. ఉల్లిపాయలున్నాయో లేదో చూసుకోవాలి. నానబెట్టాల్సింది పొద్దున నానబెట్టలేదని అప్పుడు గుర్తొస్తుంది. కూరగాయలు కడగాలి, తరగాలి, తిన్నాక గిన్నెలు తోమాలి. వంటంటే ఇవన్నీ. మంట మీద గడిచే టైము ఇందులో చిన్న ముక్క.

'పది నిమిషాల్లో డిన్నర్' అని వచ్చే వీడియోలు అందుకే వంటింట్లో అంతగా అక్కరకు రావు. వాటిలో గడియారం మొదలయ్యే సరికే ఉల్లిపాయలు సన్నగా తరిగి, పప్పు నాని, మసాలా నూరి, అన్నీ గిన్నెల్లో సర్ది ఉంటాయి.

టెన్షన్ పడకుండా రాత్రిపూట ఆదుకునే వంట అనిపించుకోవాలంటే దానికి కొన్ని గుణాలుండాలి. ఇంట్లో ఎప్పుడూ ఉండే సరుకుతోనే అయిపోవాలి. అరగంట దాటకూడదు. కొలతలు వెతుక్కోకుండా చేతికి అలవాటైపోయి ఉండాలి. తిన్నాక ఒంటికి భోజనం చేసినట్టే ఉండాలి. మొదటి మూడింటిలో మన ఇళ్లకి లోటు లేదు. ఉప్మా, నిమ్మకాయ పులిహోర, టమాటా అన్నం, నూడుల్స్ అన్నీ ఆ మూడూ దాటేస్తాయి. ఆగిపోయేది నాలుగో దాని దగ్గరే.

మూడు పాళ్లకి ఒక పాలు

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలను సవరించి విడుదల చేసింది. రోజుకి 2000 కేలరీలు కావాల్సిన మనిషి పళ్లెంలో ఏది ఎంతుండాలో అందులో ఒక లెక్క ఉంది. బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాలు 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు. పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35, నూనె 27. ఇదంతా వండకముందు తూకం.

ఈ అంకెలన్నీ వంటింట్లో గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. రెండు ముక్కలు గుర్తుంటే చాలు. ధాన్యం మూడు పాళ్లయితే పప్పో గుడ్డో దాదాపు ఒక పాలు ఉండాలి. కూరగాయలు ధాన్యం కంటే ఎక్కువ ఉండాలి. రాత్రి భోజనాన్ని రోజులో మూడో వంతు అనుకుంటే మనిషికి 80 గ్రాముల బియ్యమో రవ్వో, 30 గ్రాముల దాకా పప్పు, 130 గ్రాముల కూరగాయలు అవుతాయి.

ఇప్పుడు ఉప్మా గిన్నె దగ్గరికి వద్దాం. మనిషికి 80 గ్రాముల రవ్వ సరిగ్గానే పడుతుంది. పోపులో వేసే శనగపప్పూ మినప్పప్పూ కలిపి ఒక చెంచా, అంటే ఐదు గ్రాములు. మూడింటికి ఒకటి ఉండాల్సిన చోట పదహారింటికి ఒకటి ఉందన్నమాట. కూరగాయల పేరిట సగం ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు. నిమ్మకాయ పులిహోర పరిస్థితీ దాదాపు ఇదే, గుప్పెడు పల్లీలు వేస్తే కాస్త మెరుగు. కడుపు నిండినట్టుంటుంది, పదిన్నరకల్లా మళ్లీ ఆకలేస్తుంది, చెయ్యి బిస్కెట్ డబ్బా మీదకి పోతుంది. మాంసకృత్తులు, పీచు తక్కువైన పిండిపదార్థం త్వరగా అరిగిపోవడమే దీనికి కారణం. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే ఈ తేడా మర్నాడు పొద్దున మీటరులో కూడా కనబడొచ్చు.

ఉప్మా మానేయమని చెప్పడానికి కాదు ఈ లెక్క. ఉప్మాలో ఏది తక్కువో తెలిస్తే దాన్ని సరిచేయడం చాలా తేలిక. రవ్వలో పావు వంతు తగ్గించి, నానిన పెసరపప్పు ఓ గుప్పెడు, క్యారెట్, బీన్స్, బఠానీ కలిపి గ్లాసుడు వేస్తే అదే గిన్నె, అదే పావుగంట, తిండి మాత్రం మారిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టిన బఠానీలో సారం ఉండదని చాలామంది అనుకుంటారు. కోసిన కాసేపటికే గడ్డకట్టించడం వల్ల వాటిలో పోషకాలు బాగానే నిలుస్తాయి. నాలుగు రోజులుగా ఫ్రిజ్ అడుగున వాడిపోతున్న బీన్స్ కంటే అవే నయం.

శనివారం రాత్రి ఫలహారం

మన పాత ఇళ్లలో ఈ సమస్యకి ఒక జవాబు ఉండేది. దాని పేరు ఫలహారం. శనివారాలు, ఏకాదశులు, కార్తీక సోమవారాలు అంటూ రాత్రిపూట అన్నం మానేసే రోజులు ఉండేవి. ఆ రాత్రులకి వండినవన్నీ తేలిగ్గా అయిపోయేవే. గోదావరి జిల్లాల ఉప్పుడు పిండి అందులో ఒకటి. గ్లాసు బియ్యపు రవ్వకి పావు గ్లాసు పెసరపప్పు, రెండు గ్లాసుల నీళ్లు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ పోపు. సన్నటి సెగ మీద మూత పెట్టేస్తే ఇరవై నిమిషాల్లో పొడిపొడిగా ఉడుకుతుంది, అడుగున ఎర్రటి మాడు కట్టి ఆ మాడు కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. నాలుగు పాళ్లకి ఒక పాలు పప్పు. పోషకాహార సంస్థ లెక్క పుట్టకముందే అమ్మమ్మలు దాదాపు దాని దగ్గరికి వచ్చేశారు.

పులగం ఇంకా బాగుంటుంది. రాయలసీమలో పల్లీల చట్నీతో తినే ఈ వంటలో బియ్యానికి సగం పెసరపప్పు పడుతుంది, కొందరు సమానంగా కూడా వేస్తారు. పెసరపప్పు నానబెట్టకుండానే ఉడుకుతుంది, కాబట్టి పొద్దున మర్చిపోయినా నష్టం లేదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి; వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో తక్కువైన మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం బియ్యంలో ఉంటుంది. రెండూ కలిసి ఉడికినప్పుడు ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చుకుంటాయి. అందులోనే సొరకాయ ముక్కలో, తరిగిన పాలకూరో పడేస్తే కూర విడిగా చేయాల్సిన పని కూడా తప్పుతుంది. పైన కాస్త నెయ్యి, పక్కన చట్నీ. మన ఆదుకునే వంటలన్నిటిలో దీనికే మొదటి పీట వేయాలి.

హైదరాబాదీ కిచిడీ కూడా ఈ కోవలోదే. పాతబస్తీ హోటళ్లలో పొద్దున ఖీమా, ఖట్టాతో పెట్టే ఆ కిచిడీలో పడేది ఎర్ర కందిపప్పు, అంటే మసూర్ పప్పు. అది పెసరపప్పు కంటే కూడా తొందరగా మెత్తబడుతుంది. నువ్వులూ చింతపండూ కలిపి చేసే ఖట్టాకి పొయ్యి పని పెద్దగా ఉండదు. పొద్దుటి వంటని రాత్రికి తెచ్చుకుంటే తప్పేం లేదు.

ఇక కర్నూలు, అనంతపురం వైపు ఉగ్గాని. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి బొరుగులు వేస్తే తేలుతూ ఉంటాయి. అరచేత్తో నీళ్లలోకి అదిమి పట్టాలి. రెండు నిమిషాల్లో పీల్చుకుని మెత్తబడతాయి. రెండు చేతులా దోసిలితో తీసి గట్టిగా పిండి పక్కన పెట్టుకోవాలి. కోస్తాలో దొరికే పల్చటి మరమరాలతో చేస్తే మాత్రం నీళ్లలో వేసి తీసేయాలి, ఆగితే ముద్దయిపోతాయి. బాణలిలో పోపు వేగాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా, పసుపు మగ్గించి, పిండిన బొరుగులు కలిపి, దించబోయే ముందు పుట్నాల పొడి చల్లాలి. ఉగ్గానికి ప్రాణం ఆ పొడే. పుట్నాలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి మిక్సీలో ఒక్కసారి తిప్పితే చాలు, వారం పైన నిలవుంటుంది. చాలామంది దాన్ని రుచి కోసం చిటికెడు వేస్తారు. మనిషికి రెండు పెద్ద చెంచాలు వేస్తే ఉగ్గాని టిఫిన్ నుంచి భోజనం స్థాయికి వస్తుంది, నాలుగు గ్రాముల దాకా మాంసకృత్తులు అక్కడే చేరతాయి. పక్కన గ్లాసు మజ్జిగ, దోసకాయ ముక్కలు ఉంటే ఇంకేం కావాలి. మిరపకాయ బజ్జీలు ఆదివారానికి ఉంచుకోవచ్చు.

పొద్దున ఒక నిమిషం

రాత్రి వంటని తేలిక చేసే పనులు చాలావరకు రాత్రి జరిగేవి కావు. పెసరట్టు అందుకు మంచి ఉదాహరణ. దోశ పిండిలా రుబ్బి పులియబెట్టి ఎదురుచూడక్కర్లేదు. పొద్దున ఆఫీసుకి బయల్దేరే ముందు మనిషికి 50 గ్రాముల లెక్కన పెసలు కడిగి నీళ్లు పోసి మూత పెడితే ఆ పని ఒక నిమిషం. ఎండాకాలమైతే ఆ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే సాయంత్రానికి వాసనొస్తుంది. రాత్రి అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో మిక్సీ పట్టి అట్లు పోసేయడమే. 50 గ్రాముల పెసల్లో 12 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి, పొట్టుతో సహా రుబ్బుతాం కాబట్టి పీచు కూడా పోదు. పెసరట్టులో ఉప్మా పెట్టుకుని తినడం రుచి కోసం వచ్చిన అలవాటే కావచ్చు, కానీ లెక్క వేసి చూస్తే ఉప్మాలో లోటు పడ్డ పప్పునంతా పెసరట్టు పూడ్చేస్తోంది.

అన్నం లేనిదే రాత్రి గడవని ఇళ్లకి కుక్కరే దిక్కు. మూత బిగించిన కుక్కర్‌లో నీళ్లు దాదాపు 120 డిగ్రీల వేడిలో ఉంటాయి, మామూలు గిన్నెలో 100 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కందిపప్పుకి పట్టే టైములో తేడా అంతా ఆ ఇరవై డిగ్రీలదే. ఇంట్లోకి రాగానే కందిపప్పు నీళ్లలో పడేసి, స్నానం చేసి వచ్చాక అడుగు గిన్నెలో బియ్యం, మధ్య గిన్నెలో పప్పు, పాలకూర, టమాటా, పై గిన్నెలో బీట్‌రూటో బీన్సో పెట్టి నాలుగు విజిల్స్ రానిస్తే అన్నం, పప్పు, కూర మూడూ ఒకేసారి దిగుతాయి. మొత్తం అరగంట పట్టినా మనిషి పొయ్యి దగ్గర నిలబడేది ఎనిమిది నిమిషాలే, అదీ కూరగాయలు తరగడానికి, చివర పోపు పెట్టడానికి. మిగతా టైము పిల్లల హోంవర్క్‌కి మిగులుతుంది. అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్ ఇంతలా పాతుకుపోవడానికి కారణం కూడా ఇదే, అది విజిల్ లెక్కపెట్టే పని కూడా తీసేసింది.

గుడ్డు గురించి పెద్దగా చెప్పాల్సిన పని లేదు. రెండు గుడ్లలో 12 గ్రాముల దాకా మాంసకృత్తులు, ఉల్లిపాయా టమాటా దండిగా వేసి పొరటు చేయడానికి పది నిమిషాలు. తినేవాళ్లకి దీన్ని మించిన ఆపద్బాంధవుడు లేదు.

కర్రీ పాయింట్, రొట్టెల బండి

హైదరాబాద్‌లో, విజయవాడలో, ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా సందుకో కర్రీ పాయింట్ వెలిసింది. ఇంట్లో కుక్కర్‌లో అన్నం పెట్టుకోవడం, కిందికి దిగి ఓ పప్పు, ఓ వేపుడు, ఓ సాంబారు ప్యాకెట్ తెచ్చుకోవడం ఎన్నో ఇళ్లకి రోజువారీ ఏర్పాటు. ఒంటరిగా ఉండే ఉద్యోగులకి, పెద్దవయసు దంపతులకి ఇది నిజంగా ఆసరా. కాకపోతే ఎంచుకోవడంలో కాస్త జాగ్రత్త ఉండాలి. రోజంతటికీ నూనె లెక్క 27 గ్రాములు, అంటే ఆరు టీ స్పూన్లు. బంగాళాదుంప వేపుడు ప్యాకెట్ గిన్నెలో ఒంపాక కవరుకి అంటుకుని మిగిలే నూనె చూస్తే ఆ ఆరు స్పూన్లలో ఎన్ని అక్కడే అయిపోయాయో ఊహించుకోవచ్చు. పప్పు, పులుసు, ఆకుకూర తెచ్చుకుంటే ఆ ఇబ్బంది తక్కువ. మరుగుతున్న సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకునే బదులు ఇంటి నుంచి ఓ స్టీలు క్యాన్ పట్టుకెళ్లడం మంచిది.

దీనికంటే మేలైన ఏర్పాటు ఒకటుంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని, చేత్తో తట్టి జొన్నరొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లు హైదరాబాద్‌లో చాలా చోట్ల కనిపిస్తారు. కర్రీ పాయింట్ పద్ధతిలో ధాన్యం ఇంట్లో వండుతున్నాం, కూర బయట కొంటున్నాం. నూనె, ఉప్పు, రంగు, నిన్నటి మిగులు, ఏ మాయ జరిగినా కూరలోనే జరుగుతుంది. జొన్నరొట్టెలో అవేవీ ఉండవు. పిండి, వేడి నీళ్లు, మంట, అంతే. దాన్ని కొనుక్కుని కూర ఇంట్లో వండుకుంటే లెక్క తిరగబడుతుంది. పైగా జొన్నరొట్టె తట్టడం అలవాటు లేనివాళ్లకి కష్టమైన పని, గుడ్డు పొరటో పెసరపప్పు తోటకూరో చేయడం అందరికీ వచ్చిన పని. కష్టమైనది కొని తేలికైనది వండుకోవడంలోనే తెలివుంది.

పొడుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వేడన్నంలో కందిపొడి, నెయ్యి కలుపుకుంటే ఆ రుచికి సాటి లేదు. కందిపప్పు, శనగపప్పు, పుట్నాలు వేయించి కొట్టిన పొడి కాబట్టి రెండు చెంచాలు వేసుకుంటే పప్పు పాలు కొంత చేరినట్టే. కానీ అందులో కూరగాయ లేదు, ఉప్పు మాత్రం ఉంది. దాని మీద ఆవకాయ, ఆ తర్వాత పెరుగన్నంలో మాగాయ అంటే రోజుకి ఐదు గ్రాముల ఉప్పు చాలన్న హద్దు ఆ పూటే దాటిపోతుంది. పొడి వేసుకున్న రాత్రి ఊరగాయ మానేసి, పెరుగులో కీర దోసకాయ కోరో, పచ్చి క్యారెట్ తురుమో కలుపుకుంటే సరిపోతుంది.

మధ్యాహ్నం మిగిలిన అన్నం

రాత్రి వంటకి తేలిక దారి అనుకునేవాటిలో జాగ్రత్త పడాల్సింది ఒక్కటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి వండిన అన్నం గిన్నెలో అలాగే ఉండిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి దాన్నే పులిహోర కలపడమో, గుడ్డు కొట్టి ఫ్రైడ్ రైస్ చేయడమో చేస్తాం. బియ్యంలో బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మేల్కొని పెరుగుతాయి, కొన్ని రకాలు వాంతులు తెప్పించే విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషానికి వేడి లెక్కలేదు. మళ్లీ బాణలిలో ఎంత వేయించినా అది పోదు, చివర్లో పిండే నిమ్మరసం కూడా ఏమీ చేయలేదు. వాసన, రంగు మారకపోవచ్చు, అసలు చిక్కు అదే.

వండిన పదార్థం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలని, బయట వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటకే వెళ్లాలని ఆహార భద్రత నియమం. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా ఆ 32 డిగ్రీలు దాటని మధ్యాహ్నం ఎక్కడుంది? మిగిలిన అన్నం రాత్రికి వాడుకోవాలంటే తినడం అవగానే వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రి పొగలొచ్చేలా వేడి చేయాలి. చద్దన్నం కథ వేరు. నీళ్లూ మజ్జిగా పోసి ఉంచినప్పుడు పుట్టే పులుపు ఇలాంటి బ్యాక్టీరియాని చాలావరకు ఎదగనివ్వదు. గిన్నెలో పొడిగా వదిలేసిన అన్నానికి ఆ కాపలా లేదు.

ఎవరు వండాలి అన్నది

ఇన్ని వంటలు చెప్పుకున్నా, చేసే చెయ్యి ఒక్కటే అయితే అలసట తీరదు. కేంద్ర గణాంకాల శాఖ 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, ఆ పనుల్లో చెయ్యి పెట్టే మగవాళ్లు 88 నిమిషాలు. భార్యాభర్తలిద్దరూ ఒకే టైముకి ఆఫీసు నుంచి వచ్చే ఇళ్లలో కూడా "రాత్రికి ఏంటి?" అన్న ప్రశ్న ఒకరినే అడుగుతారు. ఏం వండాలో తేల్చే భారం కూడా పనే, అది ఏ నిమిషాల లెక్కలోకీ సరిగ్గా రాదు.

ఆదుకునే వంటలకి ఉన్న పెద్ద బలం ఇక్కడే పనికొస్తుంది. వాటికి చేయి తిరిగినతనం అక్కర్లేదు, కొలత ఉంటే చాలు. బియ్యం డబ్బాలో ఉండే గ్లాసుతోనే అన్నీ కొలవొచ్చు. బియ్యం గ్లాసు, పెసరపప్పు అరగ్లాసు, తరిగిన సొరకాయ గ్లాసున్నర, నీళ్లు నాలుగు గ్లాసులు, పసుపు, ఉప్పు, నాలుగు విజిల్స్: పులగం అయిపోయింది. పెసలు మనిషికి గుప్పెడు. బొరుగులు మనిషికి నాలుగు దోసిళ్లు, పుట్నాల పొడి రెండు చెంచాలు. ఇలాంటివి నాలుగంటే నాలుగు ఓ కాగితం మీద రాసి, పప్పు డబ్బాలుండే అల్మారా తలుపు లోపలి వైపు అంటించాలి. అప్పుడు రాత్రి అందరికంటే ముందు ఇల్లు చేరిన వాళ్లెవరైనా, అది నాన్న కావచ్చు, ఇంటర్ చదివే అబ్బాయి కావచ్చు, ఎవరికీ ఫోన్ చేసి అడగకుండా కుక్కర్ పొయ్యి మీద పెట్టగలరు.